అమ్మకుండా ఉంచిన తీరం

మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలయ్యే చోట, నిలబడితే సముద్రం కనిపించదు. వాసన మాత్రం వస్తుంది: ఉప్పుగాలి, ఒడ్డున పడి నానుతున్న నాచు, పొద్దున్నే కోసిన గడ్డి. వెనక లాడ్జ్, పక్కన ప్రాక్టీస్ గ్రీన్, ముందు కుడివైపుకి వంగి చెట్ల మధ్యకు పోయే ఫెయిర్‌వే అనే పచ్చిక దారి. స్టార్టర్ మా పేర్లు కార్డులో చూసుకుని, నవ్వి, చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాడు. బంకర్ ఇసుకలో అడుగుల గుర్తులు రేక్‌తో సరిచేయాలి. గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద బంతి పడి చేసిన గుంట పూడ్చాలి. ముందున్న జట్టుకి వెనకబడకూడదు. అంతే, ఇక మైదానం మాది.

"నాన్నా, నువ్వు ముందు కొట్టు" అంది మా అమ్మాయి, చేతి తొడుగు బిగించుకుంటూ. హైస్కూలు గోల్ఫ్ టీములో ఆడుతుంది. ప్రశాంతంగా కనిపించాలని ప్రయత్నిస్తోంది గానీ బంతి నిలబెట్టే టీ పుల్లని నేలలో గుచ్చే వేళ్లు వణుకుతున్నాయి.

"నువ్వే కొట్టమ్మా. ఇవాళ నీది" అన్నాను.

కొట్టింది. బంతి కాస్త ఎడమగా లేచి, గాలిలో సర్దుకుని, మలుపు దగ్గర ఫెయిర్‌వే మధ్యలో వాలింది. మాతో కలిపి ఆడుతున్న ఒహాయో దంపతులు చప్పట్లు కొట్టారు. ఇద్దరూ రిటైరైన టీచర్లు. పెళ్లిరోజుకి ఇక్కడ ఆడాలని ఏళ్ల తరబడి డబ్బు దాచుకున్నారట. మా కాడీ ఏమీ అనలేదు. జుట్టు నెరిసిన మనిషి. మా బ్యాగులు రెండూ చెరో భుజానికి తగిలించుకుని నడక మొదలుపెట్టాడు.

ఇది కాలిఫోర్నియాలో మాంటెరే ద్వీపకల్పం మీద ఉన్న పెబుల్ బీచ్ గోల్ఫ్ లింక్స్. సన్నీవేల్, ఫ్రీమాంట్, శాన్‌హొసేల్లో ఉండే తెలుగువాళ్లకి కొత్త చోటేమీ కాదు. ఊరి నుంచి చుట్టాలొస్తే కారెక్కించుకుని సెవెంటీన్ మైల్ డ్రైవ్ చూపించడం, రాతి కొన మీద ఒంటరిగా నిలబడ్డ సైప్రస్ చెట్టు ముందు ఫొటోలు తీయడం మనవాళ్లకి అలవాటే. ఆ దారి పక్కనే ఉన్న ఈ మైదానంలో అడుగుపెట్టి ఆడాలంటే మాత్రం ఒక మనిషికి 600 డాలర్ల పైచిలుకు అవుతుంది. రూపాయల్లో 50,000 దాటుతుంది. కాడీ డబ్బు వేరు. రిసార్టులో గదులు తీసుకున్నవాళ్లకే ముందు అవకాశం. మిగిలిన ఖాళీలు ఒక రోజు ముందు బయటివాళ్లకి ఇస్తారు. మాకు అలా దొరికింది.

పెద్ద మొత్తమే. నేను లెక్క చూసుకునే వచ్చాను. ఒక్క మాట. ఇక్కడికి కూతవేటు దూరంలో సైప్రస్ పాయింట్ అని ఇంకో మైదానం ఉంది. 1928లో అలిస్టర్ మెకెంజీ తీర్చిదిద్దిన అద్భుతం. అందులో ఆడాలంటే సభ్యుడై ఉండాలి, లేదా సభ్యుడు పిలవాలి. ఎంత డబ్బు పట్టుకెళ్లినా గేటు తెరుచుకోదు. పెబుల్ బీచ్ అలా కాదు. ఫీజు కట్టగలిగితే ఎవరైనా ఆడొచ్చు. 1972 నుంచి 2019 వరకు ఆరుసార్లు పురుషుల యు.ఎస్. ఓపెన్ జరిగిన నేల మీద, ఆ ఛాంపియన్లు నిలబడ్డ చోటే నిలబడి, వాళ్లు కొట్టిన షాటే కొట్టొచ్చు. లార్డ్స్‌లో బ్యాటింగ్ చేయాలని ఎంత కోరికున్నా మామూలు మనిషికి కుదరదు. గోల్ఫ్‌లో కుదురుతుంది.

మొదటి రెండు హోళ్లు లోపలివైపే. మూడో దానిలో ఎడమకి తిరిగితే ఎదురుగా నీలం మొదలవుతుంది. ఆ గ్రీన్ దాటి నాలుగో టీ దగ్గరకొచ్చేసరికి కుడివైపు నేల ఆగిపోయి స్టిల్‌వాటర్ కోవ్ కనిపిస్తుంది. అర్ధచంద్రంలా లోపలికొచ్చిన నీళ్లు, లంగరేసిన పడవలు, అడుగున గోధుమరంగు కెల్ప్ నాచు నీడలు.

"నాన్నా, అటు చూడు!"

నాచు మధ్య ఏదో గుండ్రంగా తేలుతోంది. సీ ఆటర్. వెల్లకిలా పడుకుని, అలకి కొట్టుకుపోకుండా నాచు తీగని ఒంటికి చుట్టుకుంది. పొట్ట మీద రాయి పెట్టుకుని దాని మీద గవ్వని టకటకా కొడుతోంది. మేం నలుగురం ఆట ఆపి చూస్తున్నాం. ఆ చప్పుడు కొండ అంచు మీద మాదాకా వినిపిస్తోంది. తెల్లటి మూతి, తడి మీసాలు, గవ్వ పగలగానే రెండు చేతులతో నోట్లో పెట్టుకునే తొందర, అన్నీ కనిపిస్తున్నాయి. ఒహాయో టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఐదో హోల్ దగ్గర కాడీ బ్యాగులు దించాడు. చిన్న హోల్ ఇది, పార్ త్రీ. అంటే మంచి ఆటగాడు మూడు దెబ్బల్లో ముగించాలి. కుడివైపంతా కొండ అంచు, కింద నీళ్లు. చూస్తే ఆదినుంచీ ఇక్కడే ఉందనిపిస్తుంది. కానీ మైదానానికి నూరేళ్లు దాటినా ఈ హోల్ పుట్టింది 1998లో. దాని వెనక ఉన్నది ఒక ప్లాటు కథ. మన తెలుగువాళ్లకి వెంటనే అర్థమయ్యే కథ.

ఈ తీరమంతా ఒకప్పుడు ఒక రైల్వే పెట్టుబడిదారుల కంపెనీ ఆస్తి. ఆస్తులు అమ్మి సొమ్ము చేయమని 1915లో శామ్యూల్ ఎఫ్.బి. మోర్స్ అనే యువకుణ్ని ఇక్కడికి పంపించారు. టెలిగ్రాఫ్ మోర్స్‌కి దూరపు బంధువు. సముద్రం ఒడ్డున ప్లాట్లు వేసి అమ్మాలన్నది అప్పటి ప్రణాళిక. వ్యాపారంగా చూస్తే తప్పుపట్టడానికేమీ లేదు, సముద్రం కనిపించే ప్లాటుకి మించిన గిరాకీ ఎక్కడుంటుంది? మోర్స్ తీరం వెంట నడిచి, వద్దన్నాడు. ఇళ్లు వెనక్కి, అడవిలోకి జరగాలి. ఒడ్డు మాత్రం గోల్ఫ్ మైదానంగా ఖాళీగా ఉండాలి. అప్పటికే అమ్ముడైన ప్లాట్లని తిరిగి కొనిపించాడు. తర్వాత 1919లో తానే డెల్ మాంటే ప్రాపర్టీస్ అనే కంపెనీ పెట్టి మొత్తం ఆస్తి కొనేశాడు. మైదానం తెరిచింది ఆ ఏడాదే, ఫిబ్రవరిలో.

ఒక్క ప్లాటు మాత్రం తిరిగి రాలేదు. ఐదున్నర ఎకరాల ముక్క. కొన్నాయన అమ్మనన్నాడు. అందుకని తీరం వెంట సాగుతున్న దారి సరిగ్గా ఇక్కడ సముద్రానికి వీపు పెట్టి, చెట్ల మధ్యనుంచి పైకెక్కి, మళ్లీ కిందికొచ్చేది. ప్రపంచంలో పేరుమోసిన మైదానంలో ఒక హోల్ 80 ఏళ్లపాటు అలాగే ఉండిపోయింది. చివరికి 1995లో కంపెనీ ఆ ముక్క కొనగలిగింది. మేటి గోల్ఫర్ జాక్ నిక్లాస్ వచ్చి కొండ అంచు వెంట కొత్త హోల్ వేశాడు. తీరం మళ్లీ అతుక్కుంది.

మా అమ్మాయికి ఆ కథ చెప్పాను. టీ మీద బంతి పెట్టబోయి ఆగింది.

"ఒక్క ప్లాటుకి ఎనభై ఏళ్లా నాన్నా?"

"ఒక్క ప్లాటుకే."

ఆమె బంతి గ్రీన్ ముందు పడి, దొర్లి, జెండాకి పది అడుగుల్లో ఆగింది. కాడీ అప్పుడు మొదటిసారి తలూపాడు.

ఆరో హోల్ పొడవైనది. మధ్యలో గోడలా లేచే కొండ ఉంటుంది. కింద నిలబడితే పైన ఏముందో కనిపించదు. "ఆ రెండు చెట్ల మధ్య ఆకాశంలోకి కొట్టండి" అన్నాడు కాడీ. కొట్టి, ఏటవాలు ఎక్కుతుంటే పిక్కలు లాగాయి. పైకెక్కగానే గాలి ముఖాన కొట్టింది. కింద ఆగినట్టున్న సముద్రం ఇక్కడ మూడు వైపులా ఉంది. అవతల కార్మెల్ ఊరి తెల్లటి ఇసుక, ఇంకా దక్షిణాన పాయింట్ లోబోస్ నల్లటి రాళ్లు. మాంటెరే సైప్రస్ చెట్లు సహజంగా పెరిగే తోపులు భూమి మీద రెండే ఉన్నాయి. ఒకటి ఆ పాయింట్ లోబోస్‌లో, రెండోది మా వెనక సైప్రస్ పాయింట్‌లో. ఆ రెండిటి మధ్య కొన మీద మేం నిలబడ్డాం.

ఆ కొన చివరే ఏడో హోల్.

ఫొటోల్లో ఎన్నోసార్లు చూశాను. ఫొటో దీన్ని పట్టుకోలేదు. పొడవు సుమారు 106 గజాలు. మేజర్ పోటీలు జరిగే మైదానాల్లో ఇంతకంటే పొట్టి హోల్ లేదు. టీ పైన, గ్రీన్ కింద. చిన్న ఆకుపచ్చ ముక్క, చుట్టూ ఇసుక, ఆ వెనక రాళ్లు, రాళ్ల మీద పగిలే అలల నురగ. ఇక్కడి గ్రీన్‌లన్నీ చిన్నవే. సగటున 3,500 చదరపు అడుగులు, మన లెక్కలో దాదాపు 390 గజాలు. ఈ ఏడోది అందులోనూ చిన్నది.

కాడీ గడ్డి పరకలు నాలుగు తుంచి గాల్లో వదిలాడు. అవి కింద పడలేదు. అడ్డంగా ఎగిరి మా భుజాలు దాటి వెనక్కి పోయాయి.

"గాలి లేని రోజైతే వెడ్జ్ కర్ర చాలు. మెల్లగా తగిలిస్తే సరిపోతుంది. తుఫాను గాలికి ఇదే చోట ప్రొఫెషనల్స్ పెద్ద ఐరన్ తీయడం చూశాను. దూరం మారదు, గాలి మారుతుంది. కార్డులో అంకె చూడకండి" అన్నాడు. మా అమ్మాయి వైపు తిరిగి ఎనిమిదో నంబరు ఐరన్ అందించాడు. "మామూలుగా ఎంత దూరానికి వాడతారు దీన్ని?"

"నూట ముప్పై గజాలకి."

"ఇవాళ ఇది నూట ఆరుకి. బంతిని కాస్త వెనక్కి పెట్టుకోండి. ఎత్తు లేపొద్దు."

1992 యు.ఎస్. ఓపెన్ చివరి రోజు ఇక్కడ గాలి ఎంత కొట్టిందంటే మేటి ఆటగాళ్ల స్కోర్లు కుప్పకూలాయి. అదే రోజు టామ్ కైట్ ఈ గ్రీన్ పక్క గడ్డిలోంచి కొట్టిన చిన్న చిప్ షాట్ నేరుగా గుంతలో పడింది. ఆ ఏడాది ట్రోఫీ అతనిది. అదంతా చదివి వచ్చాను గానీ ఆ గాలి చెవుల్లో హోరెత్తుతుంటే చదివింది ఏదీ గుర్తురాదు. ప్యాంటు కాళ్లకి అతుక్కుంటుంది. బంతి టీ మీద ఊగుతుంది. ఊపిరి పీల్చుకోవడం మనమే గుర్తు చేసుకోవాలి.

ఆమె కొట్టింది. బంతి తక్కువ ఎత్తులో దూసుకెళ్లి, గాలికి ఆగినట్టయి, నిటారుగా దిగింది. గ్రీన్ మీద, వెనక అంచుకి. ఆ రాళ్ల మీద పడుకున్న సీ లయన్లు ఒక్కసారిగా మొరిగాయి. నా బంతి కుడి బంకర్‌లోకెళ్లింది. తడిసి గట్టిపడిన ఇసుకలోంచి దాన్ని తీసి, గ్రీన్ మీద దొర్లించే పట్లు రెండిటితో ముగించాను. ఆమె రెండు పట్లు వేసి పార్ చేసింది. జెండా గుంతలో పెట్టి ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సంతోషం పట్టలేక నవ్వాం.

ఎనిమిదో దానిలో ముందు కొండ మీదికి కొట్టాలి. పైకెళ్లి చూస్తే ఫెయిర్‌వే ఉన్నట్టుండి తెగిపోయి ఉంటుంది. మధ్యలో లోయ, అడుగున సముద్రం, అవతలి ఒడ్డున గ్రీన్. రెండో షాట్ ఆ ఖాళీ మీదుగా ఎగరాలి. గోల్ఫ్‌లో తనకి అన్నిటికంటే నచ్చిన రెండో షాట్ ఇదేనని నిక్లాస్ చెబుతూ వచ్చాడు. 2022లో ప్రొఫెషనల్ జోర్డన్ స్పీత్ బంతి సరిగ్గా ఈ అంచు మీద ఆగింది. తన కాడీ వద్దంటున్నా వినకుండా అంచున నిలబడి కొట్టి, ఆ వెంటనే వెనక్కి పరుగెత్తాడు. ఆ చోటు మా కాడీ చూపించాడు, మమ్మల్ని మాత్రం అంచుకి రానివ్వలేదు. అంచున గడ్డి పొట్టిగా, బలహీనంగా ఉంది. దాని కింద మట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. ఈ మైదానాన్ని సముద్రం మెల్లగా కొరుకుతూనే ఉంది.

తొమ్మిది, పది హోళ్లు కార్మెల్ బీచ్ వైపుకే సాగుతాయి. పదో గ్రీన్ దగ్గర నిలబడితే కింద ఇసుకలో కుక్కల్ని వదిలి ఆడిస్తున్నవాళ్లు, ఈత దుస్తుల్లో పిల్లలు కనిపిస్తారు. ఆ బీచ్‌కి టికెట్ లేదు. మేం వేల రూపాయలు కట్టి చూస్తున్న సముద్రాన్నే వాళ్లు ఉచితంగా చూస్తున్నారు. చూస్తే ముచ్చటేసింది. ఈ ఒడ్డున ఇళ్లు కట్టి ఉంటే వాళ్లకి వెనక కనిపించేది ప్రహరీ గోడ. ఇప్పుడు కనిపిస్తున్నది పచ్చటి కొండ.

పదకొండు నుంచి దారి అడవివైపు తిరుగుతుంది. గాలి తగ్గింది, మాటలు పెరిగాయి. ఒహాయో మాస్టారు మా అమ్మాయిని ఏ కాలేజీకి వెళ్తావని అడిగాడు. కాడీ ప్రతి షాట్ తర్వాత గడ్డి లేచిపోయిన చోట ఇసుక పోసి, బూటుతో నొక్కి, ముందుకి కదులుతున్నాడు. తడవకొక గుప్పెడు. మాలాంటి జట్లు తెల్లవారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా వస్తుంటే ఈ నేల ఇంత నున్నగా ఎలా ఉందో అప్పుడు తెలిసింది. నీళ్ల గురించి అడిగాను. 1994 నుంచి ఇక్కడి మైదానాలకి కార్మెల్ ప్రాంతపు మురుగునీటిని శుద్ధి చేసి వాడుతున్నారు. కరవు కాలిఫోర్నియాకి కొత్త కాదు. తాగే నీళ్లతో ఇంత గడ్డి పెంచితే ఊరు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

మధ్యాహ్నం అయ్యేసరికి గ్రీన్‌ల తీరు మారింది. ఇక్కడ పెరిగేది పోవా ఆన్యువా అనే గడ్డి. పొద్దున అద్దంలా ఉండి, ఎండెక్కేకొద్దీ ఒక్కో మొలకా ఒక్కో ఎత్తుకి ఎదుగుతుంది. మోకాళ్ల మీద కూర్చుని బంతి వెనకనుంచి చూస్తే ఆ సన్నటి గరుకు కనిపిస్తుంది. పద్నాలుగో గ్రీన్ మీద నా పట్ గుంత అంచుదాకా వెళ్లి, కంటికి ఆనని ఒక పరకకి తగిలి పక్కకి తిరిగింది. "సముద్రం వైపుకి లాగుతుంది. కంటికి అటు కనిపించదు, అయినా నమ్మండి" అన్నాడు కాడీ. మా అమ్మాయి నమ్మింది. ఆమె బంతి అటే తిరిగి లోపల పడింది.

పదిహేడులో మళ్లీ సముద్రం ఎదురైంది. పొడవైన పార్ త్రీ. గ్రీన్ నడుము సన్నబడి రెండు ముక్కల్లా ఉంటుంది. 1972 యు.ఎస్. ఓపెన్ చివరి రోజు ఎదురుగాలిలో నిక్లాస్ వన్ ఐరన్‌తో కొట్టిన బంతి జెండా కర్రకి తగిలి గుంత పక్కనే ఆగింది. పదేళ్ల తర్వాత అదే నిక్లాస్‌తో పోటీపడుతూ టామ్ వాట్సన్ గ్రీన్ ఎడమ పక్క గుబురు గడ్డిలోంచి బంతిని నేరుగా గుంతలో వేసి యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. ఇలాంటి షాట్ల కోసం వచ్చినవాళ్లందరూ ఆ గడ్డి దగ్గర ఒక బంతి వేసి చూస్తారట. మేమూ చూశాం. గడ్డి మడమల దాకా ఉంది. బంతి అడుగుకి కూరుకుపోయి తెల్లటి నెత్తి మాత్రమే కనిపిస్తోంది. గ్రీన్ అవతలికి వాలుగా ఉంది. టీవీలో తేలిగ్గా కనిపించిన ఆ షాట్ ఎంత అసాధ్యమో మోకాలు వంచి చూస్తేనే తెలుస్తుంది.

మా అమ్మాయికి మాత్రం ఇక్కడ గుర్తొచ్చేది 2023. ఆ ఏడాదే మొదటిసారి మహిళల యు.ఎస్. ఓపెన్ పెబుల్ బీచ్‌లో జరిగింది. హవాయి అమ్మాయి అలిసన్ కార్పుజ్ గెలిచింది. మైదానం పెట్టిన వందేళ్ల తర్వాత వచ్చిన మార్పు. "ఆమె ఇదే టీ మీద నిలబడింది కదా నాన్నా" అంది. ఇంట్లో మేం సాహిత్ తీగల ఆట కూడా అంతే ఆసక్తిగా చూస్తాం. కుటుంబానిది హైదరాబాద్, పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. 2023లో నాపాలో మొదటి పీజీఏ టూర్ టైటిల్ గెలిచిన రోజు మా వీధిలో తెలుగిళ్లన్నీ ఫోన్లు చేసుకున్నాయి. తీగల కూడా ఈ మైదానం మీద పోటీల్లో ఆడినవాడే.

పద్దెనిమిదో టీ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాళ్ల మీద ఉంది. ఎడమంతా నీళ్లు, టీ నుంచి గ్రీన్ దాకా. భయపడి కుడికి కొడితే దారి పొడవవుతుంది, చెట్లడ్డొస్తాయి. ఎంత సముద్రం దాటగలవో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. "ఎంత ధైర్యముంటే అంత ఎడమకి" అన్నాడు కాడీ.

అమ్మాయి నా వైపు చూడలేదు, అడగలేదు. నేరుగా నీళ్ల మీదికి గురిపెట్టింది. బంతి అలల మీదుగా వెళ్లి, మెల్లగా కుడికి తిరిగి, గడ్డి మీద పడింది. నేను కాస్త కుడిగా కొట్టాను. ఒడ్డున ఉన్న గోడ వెంట నడుస్తుంటే అల పగిలినప్పుడల్లా తుంపర్లు చెంపల మీద పడుతున్నాయి.

గ్రీన్ మీద ఆట ముగించి, టోపీలు తీసి, ఒకరికొకరు చేతులు కలిపాం. కాడీ అమ్మాయి చెయ్యి కాస్త ఎక్కువసేపు పట్టుకుని "బాగా ఆడారు" అన్నాడు. ఒహాయో దంపతులు గ్రీన్ మధ్యలో ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. వెనక జట్టు ఓపిగ్గా ఆగింది.

కారు దగ్గర బూట్లు విప్పుకుంటూ ఆమె అడిగింది: "మోర్స్ అమ్మేసుంటే ఇక్కడ ఏముండేది నాన్నా?"

"ఇళ్లుండేవి. మంచి ఇళ్లే ఉండేవి. మనం రోడ్డు మీదనుంచి గోడలు చూసి వెళ్లిపోయేవాళ్లం."

ఆ జవాబు నన్ను వదల్లేదు. ఈ మైదానం గీసిన ఇద్దరిలో జాక్ నెవిల్ మోర్స్‌ని పంపిన కంపెనీలోనే భూములమ్మే ఉద్యోగి. డగ్లస్ గ్రాంట్ మరొకడు. ఇద్దరికీ అంతకుముందు మైదానం కట్టిన అనుభవం లేదు. వాళ్లకి తెలిసింది ఒక్కటే: ఎనిమిది అంకె ఆకారంలో దారి వేస్తే వీలైనన్ని హోళ్లు నీళ్ల పక్కకి వస్తాయి. భూమి విలువ బాగా తెలిసినవాళ్లే దాన్ని అమ్మకుండా వాడుకోవడమెలాగో చూపించారు. విశాఖ నుంచి భీమిలి దాకా మనకీ తీరముంది, ఎర్రమట్టి దిబ్బలున్నాయి. హైదరాబాద్ చుట్టూ కోట్ల ఏళ్ల నాటి రాతి గుట్టలున్నాయి, చెరువులున్నాయి. వాటిలో ప్రతిదాని మీదా ఎవరో ఒకరు ఇవాళ లే అవుట్ గీస్తూనే ఉంటారు. వాటిని గోల్ఫ్ మైదానాలు చేయమని నేననడం లేదు. గుట్ట గుట్టగా, చెరువు చెరువుగా ఉంటే చాలు. అమ్మని నేలని ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. అమ్మింది తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఐదో హోల్‌ని చూసినవాళ్లకి తెలుసు. మన ఊళ్లలో కాగితాల మీద సంతకం పెట్టే ముందు తీరం వెంట ఒకసారి నడిచి, వద్దని చెప్పగల మోర్స్‌లు కావాలి. అలాంటివాళ్లని గుర్తుపట్టి, వాళ్ల వెనక నిలబడటం మన పని.